వరంగల్ నుంచి డాలస్: ఎంత దూరం, ఎన్ని గంటలు? తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో మా కాలనీ నుంచి ఏటా నలుగురైదుగురు పిల్లల దగ్గరికని డాలస్ పోతుంటారు. టికెట్ చేతికి రాగానే ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వస్తారు. నేను మూడుసార్లు వెళ్లొచ్చాను కాబట్టి నన్ను అడుగుతారు. ప్రశ్నలు ఎప్పుడూ అవే: ఎంత దూరం, ఎన్ని గంటలు, ఎక్కడ దిగి ఎక్కాలి, ఏ రోజు చేరతాం. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎవరికి ఏ డౌట్ ఉంటే నేరుగా ఆ ప్రశ్న దగ్గరికే పోయి చదువుకోవచ్చు. అందరికీ చెప్పే మాట ఒకటుంది. కిలోమీటర్లు చూసి భయపడకండి, గంటలు లెక్కపెట్టుకోండి. ఆ గంటలు కూడా మీ గుమ్మం నుంచి పిల్లల గుమ్మం దాకా లెక్కపెట్టండి.

## టికెట్ తీసే ముందు

వరంగల్ నుంచి డాలస్ ఎన్ని కిలోమీటర్లు?

శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి డాలస్ ఎయిర్‌పోర్టుకు గాలిలో సూటిగా కొలిస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు. హన్మకొండ నుంచి శంషాబాద్ దాకా రోడ్డు మీద ఇంకో 170 కిలోమీటర్లు. కానీ మధ్యలో ఎక్కడో ఒకచోట విమానం మారాలి కాబట్టి గాలిలో మనం తిరిగే దూరం 15,400 నుంచి 15,700 దాకా అవుతుంది. భూమి చుట్టుకొలతే దాదాపు 40,000 కిలోమీటర్లు. అందులో మూడో వంతు కంటే ఎక్కువ చుట్టి వెళ్తున్నాం.

ఫోన్‌లో వెతికితే ఒకచోట 8,950, ఒకచోట 7,775, ఇంకోచోట 14,400 అని వస్తోంది. ఏది నిజం?

మూడూ నిజమే, కొలత వేరు. 14,400 అన్నది కిలోమీటర్లలో, 8,950 మైళ్లలో, 7,775 నాటికల్ మైళ్లలో. పైలట్లు, విమానాల వాళ్లు వాడేది నాటికల్ మైలు. అది 1.852 కిలోమీటర్లకు సమానం. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు. అంకె పక్కన ఏ కొలత రాశారో చూసుకుంటే చాలు.

మ్యాప్‌లో అమెరికా ఎడమవైపు ఉంది కదా, విమానం ఉత్తరానికి పోతుందంటారేంటి?

ఈ ప్రశ్నకు నేను నోటితో జవాబు చెప్పను. మనవడు వదిలేసి పోయిన గ్లోబు ఒకటి మా షెల్ఫులో ఉంది, అడ్డంగా 30 సెంటీమీటర్లు. పూలు కట్టే తెల్ల దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద బొటనవేలితో నొక్కి పెట్టి, రెండో కొస డాలస్ మీద పెట్టి బిగుతుగా లాగుతాను. దారం పడమటికి, ఆఫ్రికా దిక్కు, పోనే పోదు. జారి జారి నిటారుగా పైకి వెళ్లిపోతుంది.

అది ఎక్కడెక్కడి మీదుగా పోతుందో చూడండి. దాదాపు ఢిల్లీ మీదుగా, కార్గిల్ పక్క నుంచి, చైనాలోని కష్గర్, ఆ తర్వాత కజకిస్తాన్, సైబీరియాలోని ఓమ్స్క్. అక్కడి నుంచి ఆర్కిటిక్ మహాసముద్రం. గ్రీన్‌లాండ్‌కు కూడా పైన, ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దగ్గర నుంచి తిరిగి కెనడాలో హడ్సన్ అఖాతం వైపు దిగుతుంది. అమెరికాలో ఓమహా దాటి డాలస్ చేరుతుంది. డాలస్ మనకు భూమి మీద దాదాపు అవతలి పక్కన ఉంది. మన రేఖాంశం 78 డిగ్రీలు తూర్పు, వాళ్లది 97 పడమర. కలిపితే 175. ఇంకో ఐదు డిగ్రీలుంటే సరిగ్గా ఎదురుగా ఉండేది. అటువంటి ఊరికి దగ్గరి దారి నెత్తి మీదుగానే ఉంటుంది.

గోడకు తగిలించే మ్యాపు గుండ్రటి భూమిని చాపలా పరిచి గీసింది. ఉత్తరం దిక్కు పోయేకొద్దీ అందులో అన్నీ సాగిపోయి కనిపిస్తాయి, అందుకే మన కన్ను మోసపోతుంది.

ఆ దారం పొడవు 34 సెంటీమీటర్లు వచ్చింది. అదే గ్లోబు మీద వరంగల్ నుంచి శంషాబాద్ మూడు మిల్లీమీటర్లు, పెన్సిల్ చుక్కంత. ఆ చుక్క దాటడానికే మనకు మూడున్నర గంటలు పడుతుంది.

డైరెక్ట్ ఫ్లైట్ ఎందుకు లేదు? అంత దూరం విమానం పోలేదా?

పోగలదు. సింగపూర్ నుంచి న్యూయార్క్ వెళ్లే విమానం 15,300 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా ఎగురుతుంది, 18 గంటలకు పైగా పడుతుంది. హైదరాబాద్ నుంచే 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది, దాదాపు 13,300 కిలోమీటర్లు. అది కొంతకాలం నడిచి ఆగిపోయింది. అంత దూరం పోవాలంటే బయలుదేరేటప్పుడే విమానం బరువులో పెద్ద భాగం ఇంధనమే అవుతుంది. ఆ ఇంధనాన్ని మోయడానికే ఇంకొంత ఇంధనం కాలుతుంది. అటువంటి పెద్ద విమానం రోజూ నిండాలి. పైగా సూటి దారి హిమాలయాలు, కారాకోరం మీదుగా ఉంది. విమానంలో గాలి ఒత్తిడి తగ్గితే వెంటనే కిందికి దిగాలి, ఆ ఎత్తైన కొండల మీద దిగడానికి చోటు ఉండదు. అందుకే గ్లోబు మీద దారం పోయినట్టు విమానం పోదు.

దోహా, దుబాయ్, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్. వీటిలో ఏ దారి దగ్గర?

దుబాయ్ మీదుగా దాదాపు 15,470 కిలోమీటర్లు. దోహా మీదుగా 15,660. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా రెండూ 15,400 లోపే. అంటే తేడా మహా అయితే 300 కిలోమీటర్లు, విమానానికి 20 నిమిషాల దూరం. దూరం చూసి దారి ఎంచుకోవాల్సిన పని లేదు.

ఎంచుకోవాల్సింది ప్రయాణాన్ని ఎక్కడ విరగ్గొట్టుకోవాలన్నది. గల్ఫ్ మీదుగా పోతే మొదటి ముక్క చిన్నది, నాలుగు గంటలు. రెండో ముక్క 16 గంటలు. యూరప్ మీదుగా పోతే ఇక్కడి నుంచి పది గంటల చిల్లర, అక్కడి నుంచి ఇంకో పదిన్నర గంటలు. మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పి ఉన్నవాళ్లకు యూరప్ దారే నయమని నా అభిప్రాయం, సగంలో లేచి నాలుగడుగులు వేయొచ్చు. గల్ఫ్ దారిలో మన భాష వినిపిస్తుంది, మన తిండి దొరుకుతుంది. కొన్ని దేశాల ఎయిర్‌పోర్టుల్లో విమానం మారడానికి కూడా ట్రాన్సిట్ వీసా అడుగుతారు. డబ్బు కట్టే ముందే అది చూసుకోండి.

మామునూరు ఎయిర్‌పోర్టు వస్తే ఇక్కడి నుంచే ఎక్కొచ్చా?

డాలస్‌కు నేరుగా ఎక్కలేం. మామునూరు నిజాం కాలం నాటి విమానాశ్రయం. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదన్న ఒప్పందం చాలా ఏళ్లు దానికి అడ్డుపడింది. సూటిగా కొలిస్తే మామునూరు ఆ గీతకు కొంచెం లోపలే పడుతుంది. ఆ అడ్డంకి తొలగి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. అది నడవడం మొదలైతే మనకు కలిసొచ్చేది ఢిల్లీ, ముంబై లాంటి ఊళ్లకు పోయే సౌకర్యం. అక్కడి నుంచి పెద్ద విమానం ఎక్కొచ్చు. రాత్రిపూట కారులో శంషాబాద్ పరిగెత్తే బాధ తప్పుతుంది. అదొక్కటే అయినా పెద్దవాళ్లకు అది చిన్న మేలు కాదు.

మాది జగిత్యాల దిక్కు. మావాళ్లు పోయేది దుబాయ్, మస్కట్. దానికి ఎంతసేపు?

హైదరాబాద్ నుంచి మస్కట్ దాదాపు 2,200 కిలోమీటర్లు, దుబాయ్ 2,550, దోహా 2,900, కువైట్, రియాద్ రెండూ 3,400 దగ్గర. దుబాయ్‌కి పోయేటప్పుడు నాలుగు గంటల లోపు, వచ్చేటప్పుడు మూడున్నర. కువైట్‌కు ఐదు గంటలు అనుకోండి. దుబాయ్, మస్కట్ మనకంటే గంటన్నర వెనక. దోహా, కువైట్, రియాద్ రెండున్నర గంటలు వెనక. పనికి పోయేవాళ్లు దిగగానే ఫోన్‌లో టైమ్ మారిందో లేదో చూసుకోవాలి. కంపెనీ బండి వచ్చే టైమ్ అక్కడి గడియారం ప్రకారమే ఉంటుంది.

## టికెట్ చేతికి వచ్చాక

పొద్దున 4 గంటలకు ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం 3:30కి డాలస్ అని ఉంది. పదకొండున్నర గంటలేనా?

కాదు, 23 గంటలు. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. ఎక్కే టైమ్ మనది, దిగే టైమ్ వాళ్లది. డాలస్ చలికాలంలో మనకంటే 11 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది. ఆ వెనకబడ్డ గంటలను కలిపితేనే అసలు ప్రయాణం తెలుస్తుంది.

డిసెంబరులో పోయే ఒక టికెట్‌ను ఇలా విడదీసి చూడండి. హైదరాబాద్‌లో ఉదయం 4:00. నాలుగుంపావు గంటలకు దోహా చేరతారు, మన లెక్కన 8:15, అక్కడి గడియారంలో 5:45. రెండున్నర గంటలు ఆగి 8:15కు రెండో విమానం. పదహారుంపావు గంటలు ఎగిరాక డాలస్‌లో మధ్యాహ్నం 3:30. అప్పుడు హన్మకొండలో మీ ఇంట్లో గోడ గడియారం తెల్లవారి 3 గంటలు చూపిస్తుంది. 4:15, 2:30, 16:15 కలిపితే సరిగ్గా 23.

కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీలో దిగడానికి కూడా ఇంచుమించు ఒక రోజు పడుతుంది. శరీరానికి అంత అలసట అనుకుని సిద్ధపడండి.

12వ తేదీ తెల్లవారుజామున 4 గంటలు అంటే ఏ రాత్రి పోవాలి?

11వ తేదీ రాత్రి పోవాలి. దయచేసి దీన్ని రెండుసార్లు చదవండి. మా బంధువు ఒకాయన 12 అని కాగితం మీద చూసి, 12వ తేదీ రాత్రి భోజనాలు చేసి, దండం పెట్టించుకుని, రెండు కార్లలో పదిమంది కలిసి శంషాబాద్ వెళ్లారు. గేటు దగ్గర జవాను టార్చి వేసి టికెట్ చూశాడు, మళ్లీ చూశాడు. "అంకుల్, ఇది నిన్నటిది" అన్నాడు. ఆయన భార్య చేతిలో సకినాల డబ్బా అలాగే ఉంది. ఎవరికీ మాట రాలేదు. ఆ టికెట్ డబ్బులు చాలావరకు పోయాయి.

అర్ధరాత్రి 12 దాటితే తేదీ మారుతుంది. మనం మాత్రం పొద్దు పొడిచేదాకా నిన్నటి రాత్రే అనుకుంటాం. గల్ఫ్‌కు, యూరప్‌కు పోయే విమానాలు చాలావరకు తెల్లవారకముందే ఉంటాయి. అందుకని ఇంట్లో క్యాలెండర్ మీద విమానం తేదీ రాయకండి. ఇంటి నుంచి కారు ఎక్కే తేదీ, టైమ్ రాసి దాని చుట్టూ గీత గీయండి.

మధ్యలో గ్యాప్ ఎంత ఉంటే మంచిది?

పెద్దవాళ్లకైతే రెండున్నర గంటలకు తగ్గకూడదు, మూడు ఉంటే నిశ్చింత. ఐదు దాటితే కుర్చీల్లో నడుము పట్టేస్తుంది.

మొదటిసారి మాకు గంటా పది నిమిషాలే గ్యాప్ ఉన్న టికెట్ వచ్చింది. ఇక్కడే విమానం ముప్పావు గంట ఆలస్యంగా కదిలింది. దిగాక మళ్లీ సెక్యూరిటీ చెకింగ్, బెల్టు తీయడం, చెప్పులు తీయడం, ఆ పెద్ద ఎయిర్‌పోర్టులో ఒక కొస నుంచి ఇంకో కొసకు నడక. మేం గేటుకు చేరేసరికి తలుపు వేసేశారు. అద్దంలోంచి మా విమానం కనిపిస్తూనే ఉంది. కౌంటర్ దగ్గరి అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఒక రోజు ఆలస్యంగా వేరే విమానంలో పంపారు. అక్కడ మా బిడ్డ ఆ రాత్రంతా నిద్రపోలేదు.

రెండు విమానాలూ ఒకే బుకింగ్ నంబరు మీద ఉన్నాయో లేదో కూడా చూడండి. ఒకే టికెట్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినప్పుడు వాళ్లే వేరే విమానంలో సీటు చూపించాలి. చవకని రెండు వేర్వేరు టికెట్లు తీస్తే ఆ బాధ్యత ఎవరికీ ఉండదు, కొత్త టికెట్ మీరే కొనుక్కోవాలి.

పోయేటప్పుడు అదే రోజు చేరతాం, వచ్చేటప్పుడు రెండు రోజులు పడుతుందని ఉందే?

పోయేటప్పుడు మిగిలిన గంటలనే వచ్చేటప్పుడు తిరిగి ఇచ్చేస్తాం. డిసెంబరులో సోమవారం సాయంత్రం 6కు డాలస్‌లో ఎక్కారనుకోండి. అప్పటికే మన దగ్గర మంగళవారం పొద్దున 5:30. దాదాపు 21 గంటలు ప్రయాణం చేసి బుధవారం తెల్లవారుజామున 2:20కి శంషాబాద్‌లో దిగుతారు. మంగళవారం మొత్తం గాలిలోనే గడుస్తుంది. తీసుకురావడానికి కారు ఏ రాత్రి పంపాలో ఇక్కడివాళ్లకు తేదీతో సహా స్పష్టంగా చెప్పండి.

అక్కడ మార్చిలో గడియారం మారుస్తారట. టికెట్ కూడా మారుతుందా?

మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం ఒక గంట ముందుకు తిప్పుతారు. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తిప్పుతారు. ఎండాకాలంలో మనకూ డాలస్‌కూ తేడా పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. విమానం ఎగిరే సమయం మారదు, దిగే టైమ్ అంకె ఒక గంట మారి కనిపిస్తుంది. ఆర్నెల్ల ముందు టికెట్ తీసినవాళ్లు ప్రయాణానికి వారం ముందు ఒకసారి టైములు సరిచూసుకోండి.

## ఇంటి నుంచి శంషాబాద్ దాకా

హన్మకొండ నుంచి ఎన్ని గంటలకు బయలుదేరాలి?

విమానం టైమ్‌కు ఏడున్నర గంటల ముందు. తెల్లవారుజామున 4కు విమానమైతే ముందు రోజు రాత్రి 8:30కు ఇంట్లోంచి కదలాలి. రోడ్డు మీద మూడున్నర గంటలు, ఎయిర్‌పోర్టులో నాలుగు గంటలు. నాలుగు ఎక్కువని పిల్లలు అంటారు. లగేజీ తూకంలో కిలో ఎక్కువైతే అక్కడే పెట్టె విప్పి సర్దాలి, ఇమిగ్రేషన్ దగ్గర రాత్రిపూట లైన్లు పొడవుగా ఉంటాయి. తొందర పడకుండా పోవడమే మేలు.

దారి స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఊళ్లోకి పోకుండా నేరుగా శంషాబాద్‌లో దిగొచ్చు. శని, ఆదివారాల్లో యాదగిరిగుట్ట నుంచి తిరిగొచ్చే బండ్లతో భువనగిరి దగ్గర రద్దీ ఉంటుంది, ఇంకో అరగంట వేసుకోండి. కరీంనగర్ వాళ్లు సిద్దిపేట మీదుగా వచ్చి శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కుతారు, వాళ్లకూ కాస్త అటూ ఇటూగా అంతే సమయం.

రైలులో పోతే టైమ్ కలిసి వస్తుందా?

పెద్ద పెట్టెలు లేకపోతే వస్తుంది. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, రెండు రెండున్నర గంటలు. అక్కడి నుంచి ఆర్టీసీ పుష్పక్ ఏసీ బస్సులు ఎయిర్‌పోర్టుకు ఉన్నాయి. నాలుగు పెట్టెలతో ప్లాట్‌ఫారం మెట్లు ఎక్కి దిగే బాధ మాత్రం వద్దు.

## విమానంలో

పోయేటప్పుడు 16 గంటలు, వచ్చేటప్పుడు పద్నాలుగున్నర. దూరం ఒకటే కదా?

గాలి వల్ల. విమానాలు ఎగిరే పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు నదిలా పారుతుంటాయి. వాటిని జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకు 150 కిలోమీటర్లు దాటడం మామూలే, చలికాలంలో ఇంకా ఎక్కువ. వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, పోయేటప్పుడు ఎదురు కొడుతుంది. గోదావరిలో పడవ వాలుకు తొందరగా పోయినట్టు, ఎదురుకు నెమ్మదించినట్టు.

భూమి తిరుగుతుంది కాబట్టి డాలసే మన దగ్గరికి రావాలి కదా అని ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న. భూమితో పాటు గాలి, ఆ గాలిలోని విమానం కూడా కలిసే తిరుగుతాయి. కాబట్టి దానివల్ల నేరుగా వచ్చే లాభం లేదు.

అదే విమానం ఒకరోజు పదిహేనున్నర గంటలు, ఇంకోరోజు పదహారున్నర ఎందుకు?

గాలి రోజూ ఒకే తీరుగా ఉండదు, అందుకే ఏ రోజు దారి ఆ రోజు వేస్తారు. దానికి తోడు దేశాల మధ్య గొడవలు. 2022 ఫిబ్రవరి తర్వాత అమెరికా, యూరప్ విమానాలు రష్యా మీదుగా పోవడం ఆగింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన దేశపు విమానాలకు తన ఆకాశం మూసింది. 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటలు ఆకాశం మూస్తే దోహా పోవాల్సిన విమానాలు వేరే ఊళ్లలో దిగాల్సి వచ్చింది. అటువంటి వార్త వింటే ఏజెంటుకో పిల్లలకో ఒక ఫోన్ చేసి అడగండి.

ఇంకో సంగతి. టికెట్ మీద రాసే సమయంలో విమానం గేటు నుంచి కదిలి రన్‌వే దాకా నెమ్మదిగా పోయేది, దిగాక గేటుకు వచ్చేది కూడా కలిసే ఉంటుంది. అందుకే ఒక్కోసారి అరగంట ముందే దిగుతాం.

సీటు ముందున్న తెర మీద అంకెలు చూస్తే టెన్షన్‌గా ఉంటుంది. అవి ఏంటి?

అవి చూస్తే నాకు ధైర్యం వస్తుంది. ఎత్తు 35,000 అడుగులు అంటే పదిన్నర కిలోమీటర్లు. బయట చలి మైనస్ 50 డిగ్రీలు దాటి ఉంటుంది, లోపల మనకు దుప్పటి చాలు. వేగం 800 నుంచి 1,000 మధ్య మారుతుంటుంది, అది నేల మీద లెక్కేసిన వేగం. ఎదురుగాలి ఉంటే తగ్గుతుంది, అంతే. మిగిలిన దూరం, మిగిలిన సమయం పక్కపక్కనే ఉంటాయి. విమానం గ్రీన్‌లాండ్ మీద ఉన్నప్పుడు కిటికీలోంచి చూస్తే తెల్లటి మంచు కొండలు అరగంట దాకా అయిపోవు. నిద్రలో ఉన్నా మా ఆయన్ని లేపి చూపించాను.

16 గంటలు కూర్చోగలమా? కాళ్లు వాస్తాయంటారు.

నాలుగు గంటలు దాటిన ఏ ప్రయాణంలోనైనా కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. రెండు గంటలకోసారి లేచి వెనక వంటగది దాకా నడిచి రండి. కూర్చున్నప్పుడు మడమలు ఎత్తి దించండి. టాయిలెట్‌కు లేవాల్సి వస్తుందని నీళ్లు మానేస్తారు కొందరు, అది తప్పు. నడవా పక్క సీటు అడగండి. ఇదివరకు కాలిలో గడ్డ కట్టినవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఎక్కొద్దు. ఎక్కువ దూరం నడవలేనివాళ్లు టికెట్ తీసేటప్పుడే వీల్‌చెయిర్ చెప్పించుకోండి, ఇంగ్లీషు రానివాళ్లకు దారి చూపే మనిషి కూడా దొరికినట్టే.

బీపీ, షుగర్ మాత్రలు ఏ టైమ్ ప్రకారం వేసుకోవాలి?

ప్రయాణానికి పది రోజుల ముందే టికెట్ తీసుకుని మీ డాక్టర్ దగ్గరికి పోండి. ఏ మాత్ర ఎప్పుడో గంటల లెక్కన కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లు ఇది తప్పకుండా చేయాలి. మందులన్నీ చీటీతో సహా చేతి సంచిలోనే ఉండాలి. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో పెడితే విమానం కింది భాగంలోని చలికి గడ్డకట్టి పాడవచ్చు.

16 గంటలైనా చీకటి పడలేదు. ఎందుకు?

పొద్దున ఎక్కి పడమటికి పోతున్నాం కాబట్టి సూర్యుడితో పాటే ప్రయాణం చేస్తున్నాం. పైగా ఎండాకాలంలో ఉత్తరాన సూర్యుడు అస్తమించనే అస్తమించడు. భోజనం పెట్టాక కిటికీలు మూసి లైట్లు తీస్తారు, అదే రాత్రి అనుకుని పడుకోండి.

## దిగాక

దిగాక ఇంటికి చేరడానికి ఎంతసేపు?

ఇమిగ్రేషన్, పెట్టెలు కలిపి గంట నుంచి రెండు గంటలు. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి చోట్లకు కారులో అరగంట, ముప్పావు గంట. హన్మకొండ గుమ్మం దాటినప్పటి నుంచి లెక్కేస్తే మొత్తం దాదాపు 33 గంటలు. దోహా, దుబాయ్ మీదుగా పోతే ఇమిగ్రేషన్ డాలస్‌లోనే. షికాగో, న్యూయార్క్ లాంటి ఊళ్లో మారితే అక్కడే ఇమిగ్రేషన్ అవుతుంది, పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి కాబట్టి గ్యాప్ ఎక్కువ ఉండాలి. అబుదాబిలో అయితే అమెరికా ఇమిగ్రేషన్ విమానం ఎక్కక ముందే అయిపోతుంది.

రాత్రి రెండింటికే మెలకువ వస్తోంది. ఎన్నాళ్లు?

వారం నుంచి పది రోజులు. మనకు పగలు వాళ్లకు రాత్రి, శరీరానికి అది అర్థం కావడానికి టైమ్ పడుతుంది. నేను మొదటి వారం రాత్రి రెండింటికి లేచి చప్పుడు కాకుండా ఉప్మా చేసుకుని తిన్నాను. పగలు ఎంత నిద్ర వచ్చినా పొద్దున ఎండలో నడవడమే మందు. దిగిన మూడు రోజులు పిల్లలతో దూరాలు తిరిగే ప్లాన్ పెట్టుకోకండి.

ఇంటికి ఫోన్ ఎప్పుడు చేయాలి? లెక్క గుర్తుండట్లేదు.

చలికాలంలో మన రాత్రిని వాళ్ల పగలు చేసి అరగంట కలపండి. హన్మకొండలో రాత్రి 9 అయితే డాలస్‌లో పొద్దున 9:30. ఎండాకాలంలో గంటన్నర కలపండి, 10:30. అక్కడి నుంచి చేసేవాళ్లు పొద్దున కాఫీ తాగుతూ చేస్తే ఇక్కడివాళ్లు అన్నం తిని కూర్చుని ఉంటారు.

పండుగ మన క్యాలెండర్ ప్రకారమా, అక్కడిదా?

అక్కడి పంచాంగం ప్రకారం. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య 12 డిగ్రీల దూరం పెరగడానికి పట్టే సమయం. అది ముగిసే క్షణం భూమి మొత్తానికీ ఒకటే, గడియారాలే వేరు. అక్టోబరులో అష్టమి ఇక్కడ పొద్దున 8 గంటలకు ముగిస్తే డాలస్‌లో అది ముందు రోజు రాత్రి 9:30. సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూసి పండుగ చేస్తాం కాబట్టి ఒక్కోసారి వాళ్లకు ఒకరోజు ముందే వస్తుంది. ఉపవాసాలుండేవాళ్లు ఇక్కడి నుంచి క్యాలెండర్ మోసుకుపోకుండా డాలస్ టైమ్‌కు వేసిన పంచాంగం ఫోన్‌లో చూసుకోండి. సద్దుల బతుకమ్మను మాత్రం అక్కడ ఎక్కువమంది సెలవు చూసుకుని శనివారమో ఆదివారమో ఆడతారు. ఆ తేదీ పిల్లలను ముందే అడిగి, పట్టుచీర చేతి సంచిలో పెట్టుకోండి.